షాపు పేరు చూసి నొక్కాం, నెలనెలా డబ్బులు కట్

యూకేలో కేర్ హోముల్లో, గోదాముల్లో పనిచేసే మన వాళ్ళు బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించి తరచూ అడిగే మాట ఒకటుంది. "అన్నా, ఈ 15 పౌండ్లు ఎవరికి పోతున్నాయి? నేనేం కొనలేదే!"

ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. పేరున్న సైటులో రైలు టికెట్టో, బట్టలో కొంటాం. డబ్బు కట్టేశాక ఒక పెద్ద బటన్ వస్తుంది, మీ తర్వాతి కొనుగోలు మీద ఇంత డబ్బు వెనక్కి ఇస్తామని. ఇంకా ఆ షాపులోనే ఉన్నాం అనుకొని నొక్కుతాం. నిజానికి అక్కడి నుంచి వేరే కంపెనీ పేజీ. 30 రోజులు ఉచితం, ఆ తర్వాత నెలనెలా ఫీజు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెనక్కి వచ్చే డబ్బు వేయడానికే అనుకొని కార్డు నంబరు మనమే ఇచ్చేస్తాం. ఇక్కడ ఎక్కువగా వినిపించే పేరు కంప్లీట్ సేవింగ్స్, దాన్ని నడిపేది వెబ్‌లాయల్టీ. షరతులు రాసే ఉంటాయి కాబట్టి దొంగ సైటు అనలేం. ఆఫర్లు వాడుకొనే వాళ్ళూ ఉన్నారు. కానీ డబుల్ డ్యూటీ చేసి బస్సులో ఫోన్ చూసుకునే మనిషి ఆ చిన్న అక్షరాలు చదువుతాడా?

మరి పేరున్న షాపు దీన్ని తన సైటులో ఎందుకు పెట్టనిస్తుంది? వాటా కోసం. అమెరికా సెనెట్ కమిటీ 2009లో విచారణ చేస్తే లెక్క బయటపడింది. వెబ్‌లాయల్టీతో కలిపి మూడు కంపెనీలు ఈ పద్ధతిలో 140 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాయి. అందులో సగానికి పైగా, సుమారు 79 కోట్లు, ఆ షాపుల సైట్లకే వెళ్ళాయి. అంటే మనకు షాపు మీదున్న నమ్మకాన్నే షాపు అమ్ముకుంది. అప్పట్లో కార్డు నంబరు కూడా షాపే అవతలి కంపెనీకి ఇచ్చేసేది. 2010 చివర్లో అక్కడ చట్టం తెచ్చి దాన్ని ఆపారు.

బ్రిటన్‌లో అక్కర్లేని సబ్‌స్క్రిప్షన్ల మీద జనం ఏటా 160 కోట్ల పౌండ్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే చెప్పింది. 2024లో చట్టం చేసింది కూడా. కానీ సబ్‌స్క్రిప్షన్ల భాగం 2026 వసంతం నుంచి అనుకున్నది మళ్ళీ వెనక్కి జరిగింది.

అంతదాకా ఆగక్కర్లేదు. బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డెబిట్ల లిస్టులో వెతికితే ఇది చాలాసార్లు కనిపించదు. ఎందుకంటే ఇది కార్డు మీద తీసుకునేది, దీన్ని కంటిన్యువస్ పేమెంట్ అథారిటీ అంటారు. బ్యాంకుకు ఫోన్ చేసి "ఐ వాంట్ టు క్యాన్సిల్ దిస్ కంటిన్యువస్ పేమెంట్ అథారిటీ" అనండి. ముందు కంపెనీని అడిగి రండి అని కౌంటర్లో తిప్పి పంపితే ఒప్పుకోవద్దు. మీరు చెబితే బ్యాంకు ఆపాల్సిందే. ఆపమన్నాక కూడా డబ్బు పోతే బ్యాంకే వెనక్కి ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. మామూలుగా 15 పనిదినాల్లో తేలకపోతే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, ఫీజు లేదు.

అలాగే కంపెనీకి కూడా ఈమెయిల్ పెట్టి మెంబర్‌షిప్ రద్దు చేయించుకోండి. పోయిన నెలల డబ్బు కూడా అడగండి, అడగడంలో తప్పు లేదు.

కొందరు అక్కలు, గొడవ పడితే వీసాకు ఏమైనా అవుతుందేమోనని ఊరుకుంటున్నారు. దీనికీ వీసాకూ ఏ సంబంధం లేదు. గంటకు పన్నెండు చిల్లర పౌండ్లకు పనిచేసే వాళ్ళకి 15 పౌండ్లు అంటే గంటకు పైగా కష్టం. ఏడాదికి 180. మీ భర్త కార్డు, భార్య కార్డు కూడా చూడండి, ఒకే ఇంట్లో రెండు నడుస్తుండొచ్చు. సలహా కావాలంటే సిటిజన్స్ అడ్వైస్ వినియోగదారుల లైన్ 0808 223 1133, కాల్ ఉచితం.