రెండో చరణం ఏమైపోయింది?

ఈమధ్య ఎఫ్.ఎం. రేడియోలో ఒక పాత పాట మొదటినుంచీ చివరిదాకా విన్నవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారు? పల్లవి వస్తుంది, మొదటి చరణం వస్తుంది, మళ్ళీ పల్లవి అందుకుంటారు... అంతే! గొంతు సన్నగిల్లిపోయి సబ్బు ప్రకటన మొదలవుతుంది. రెండో చరణం గల్లంతు. పోనీ పాట ముందు వచ్చే వీణో వేణువో విందామా అంటే, దాని మీద ఆర్జే కబుర్లు.

అదేమంటే, "ఇప్పుడు వినేవాళ్ళకి ఓపిక లేదండీ" అంటారు. ఎవరికి లేదు? పొద్దున్నే కుక్కరు పెట్టి, కూరలు తరిగి, క్యారేజీలు సర్దేదాకా రేడియో వింటూ నిలబడేది మనం. వరసపెట్టి ప్రకటనలు వినే ఓపిక మనకి ఉందట, పాట వినే ఓపిక మాత్రం లేదట. ఇదేం లెక్కో మీరే చెప్పండి.

ఒకప్పుడు కారణం ఉండేది. 78 ఆర్.పి.ఎం. గ్రామఫోన్ రికార్డులో ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాల పాటే పట్టేది. పెద్ద పాటైతే రెండు వైపులా ఎక్కించేవారు. విన్నవాళ్ళు లేచి రికార్డు తిరగేసి మరీ మిగతా సగం వినేవారు. ఇప్పుడు ఏ యంత్రం అడ్డొచ్చిందని?

ఈ కోతలు మనకే కాదు లెండి. అమెరికాలో డోర్స్ బృందం పాడిన 'లైట్ మై ఫైర్' దాదాపు ఏడు నిమిషాల పాట. 1967లో రేడియో కోసం మధ్యలోని కీబోర్డు, గిటార్ వాయిద్యం కోసేసి మూడు నిమిషాల లోపుకి కుదించారు. అంతకు రెండేళ్ళ ముందు, బాబ్ డిలన్ ఆరు నిమిషాల పాట 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'ని రెండు ముక్కలు చేసి రేడియో స్టేషన్లకి పంపారు. శ్రోతలు ఊరుకోలేదు. మొత్తం పాట వెయ్యమని పట్టుబట్టారు, వేయించుకున్నారు.

రెండో చరణం అంటే విస్తట్లో మిగిలిపోయినా పర్లేదనుకునే పదార్థం కాదు. ఎన్నో యుగళగీతాల్లో మొదటి చరణం ఆయన ఎత్తుకుంటే, రెండోది ఆవిడ అందుకుంటుంది. అది కోసేస్తే ఆవిడ మాట పోయినట్టే. ఇంట్లో మనం ఏదో చెబుతుంటే "సర్లే, అర్థమైందిలే" అని సగంలో లేచిపోయే వాళ్ళు గుర్తురావడం లేదూ? పైగా రేడియో విని పాట నేర్చుకునే పిల్లలకి ఆ సగమే మొత్తం పాట. మిగతాది ఉందని కూడా తెలియదు.

కార్డు ముక్క రాసి జనరంజనిలో పాట వేయించుకున్న తరం మనది. అడగడం మనకి కొత్తా? ఈసారి రేడియోకి ఫోన్ చేసి పాట అడిగినప్పుడు, "రెండు చరణాలూ వెయ్యండి బాబూ" అని ఒక్క మాట కలపండి. గంటలో రెండు పాటలు తగ్గినా మనకేం నష్టం లేదు. వేసిన పాట పూర్తిగా వేస్తే చాలు.