బీరువాల్లోని అడవిని అటకెక్కిస్తారా?

హెర్బేరియంలో దాచిన ఎండిన మొక్కలకు ఇన్ని బీరువాలెందుకు, ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడితే సరిపోదా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. సరిపోదు. ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ 2010లో శాస్త్రవేత్త డేనియల్ బెబ్బర్ బృందం తేల్చిన లెక్క ఊసెత్తరు. కొత్తగా పేరు పెట్టిన పూలమొక్కల జాతుల్లో, సేకరించిన ఐదేళ్లలోపు గుర్తింపు పొందినవి 16 శాతమే. దాదాపు నాలుగో వంతుకు ఆధారం యాభై ఏళ్లు దాటిన నమూనాలు.

యాభై ఏళ్లు! 1976లో వరంగల్‌లో పుట్టిన కాకతీయ విశ్వవిద్యాలయానికే ఇప్పుడు ఆ వయసు. పాకాల, ఏటూరునాగారం అడవుల నుంచి అక్కడికి తెచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి, ఆరబెట్టి అతికించిన షీట్లు అక్కరకొచ్చే కాలం ఇప్పుడు మొదలవుతుంటే, వాటిని పాత సామాను కింద జమకట్టడం ఏం తెలివి?

లైకెన్ల విషయంలో ఫొటో మరీ దండగ. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు లైకెనే. దాన్ని షీటుకు అతికించరు, కాగితపు పొట్లంలో దాస్తారు. ఏ జాతో తేలాలంటే చిన్న ముక్క మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి రంగు మారిందా అని చూడాలి, సిద్ధబీజాలను మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఫొటో మీద చుక్క వేస్తే తడిసేది ఫొటోయే. 2024 ఆగస్టు 31న గాలివాన తాడ్వాయి–మేడారం అడవిలో వేల చెట్లను కూల్చింది. ఆ బెరళ్ల మీద ఏ లైకెన్లు బతికాయో చెప్పాలంటే, అంతకుముందే ఎవరో గీకి తెచ్చి, పొట్లం కట్టి, తేదీ వేసి ఉండాలి.

హైదరాబాదులో బొటానికల్ సర్వే కేంద్రం 2005 నుంచీ ఉంది, అక్కడికి పంపొచ్చు కదా అంటారు. నకళ్లు పంపండి, మంచిదే. అసలు కూడా తరలిస్తే వరంగల్ విద్యార్థి మొక్కను గుర్తుపట్టడం దేన్ని చూసి నేర్చుకోవాలి?

ఇక అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయమే 8,25,000 నమూనాల హెర్బేరియాన్ని వదిలించుకుంటామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది కదా అన్నది కొందరి వాదన. వెయ్యి కోట్ల డాలర్లకు పైగా నిధి ఉన్న సంస్థ ఖర్చు సాకు చెబితే నవ్విపోవాలి గానీ, దాన్ని ఆదర్శంగా తీసుకోవడమేమిటి?

అసలు రోగం వేరే. ర్యాంకింగుల్లో పరిశోధన పత్రాలకు మార్కులున్నాయి, పురుగు పట్టకుండా కాపాడిన షీటుకు లేవు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులే ఏళ్లతరబడి ఖాళీగా ఉంటే, క్యురేటర్‌ను అడిగే దిక్కెవరు? యాభై ఏళ్లకు పండే పనిని ఏడాది నివేదికతో కొలిచే పెద్దలే, 2002 జీవవైవిధ్య చట్టం పేరు చెప్పి ఊరూరా రిజిస్టర్లు రాయించారు. ఆ రిజిస్టర్లలోని మొక్కల పేర్లు ఒప్పో తప్పో ఏ నమూనాతో పోల్చి తేలుస్తారో, బీరువాలకు తాళం వేసే ముందు చెప్పమనండి.