గది మారిన రోజు



ఈ టపా ఓడ ప్రయాణం గురించి. కృష్ణదేవిపేటలో కూర్చొని ఓడల గురించి వ్రాయడమేమిటని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చు. మా ఊరి నుండి సముద్రం కనబడదు, కొండలే కనబడతాయి. 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళం ఇక్కడి పోలీసు ఠాణాను ముట్టడించింది. 1924 మే నెలలో ఆయన భౌతికకాయాన్ని ఇక్కడికే తెచ్చి దహనం చేశారు. ఆ సమాధిని దర్శించడానికి వచ్చేవారే మాకు తెలిసిన యాత్రికులు. ఉదయం బస్సు దిగి, మధ్యాహ్నానికి నర్సీపట్నం బస్సెక్కి వెళ్ళిపోతారు. వారికి గది అవసరమే ఉండదు.

తెలుగు పండితునిగా పనిచేసి విరమించిన నాకు ఓడ గది యోగం మా అబ్బాయి వల్ల కలిగింది. అమెరికాలో వాడి దగ్గర నాలుగు నెలలున్నప్పుడు మా దంపతులను ఫ్లారిడాలోని ఒక రేవు నుండి వారం రోజుల విహారానికి పంపాడు. తీరా బయలుదేరే ముందు, అదే ఓడ తిరిగి వచ్చిన రోజునే మరో వారానికి మరో దిక్కుగా బయలుదేరుతుందని తెలిసి, ఆ రెండవ వారానికి కూడా టిక్కెట్లు తీశాడు. మొదటి వారం తూర్పు ద్వీపాలు, రెండవ వారం పశ్చిమ ద్వీపాలు. "మళ్ళీ విమానాలెక్కే పని లేదు నాన్నగారూ, ఓడ దిగకుండానే రెండు యాత్రలు" అన్నాడు. వాడి ప్రేమలో లోపం లేదు. అయితే రెండవ టిక్కెట్టు ఆలస్యంగా తీసినందువల్ల మా గది అప్పటికే వేరొకరికి అమ్ముడైపోయింది. మాకు రెండంతస్తుల క్రింద, ఓడ రెండవ కొనలో మరో గది దొరికింది. ఈ గది మార్పు గురించే నా అభిప్రాయం చెప్పదలచాను.

ముందుగా అక్కడి పద్ధతి చెప్పాలి, తెలియనివారికి ఉపయోగపడవచ్చు. ఓడ రేవు చేరిన ఉదయం పాత ప్రయాణికులు దిగిపోతారు, మధ్యాహ్నానికి క్రొత్తవారు ఎక్కుతారు. ఆ నడుమ నాలుగైదు గంటలలో వేల పక్కలు మార్చాలి, వందల స్నానపు గదులు కడగాలి. మావలె రెండు యాత్రలూ కలిపి చేసేవారికి రెండు రోజుల ముందే ఒక కాగితం వస్తుంది. చిన్న వస్తువులన్నీ పెట్టెలలో సర్దండి, కొయ్యకు తగిలించిన బట్టలు అలాగే ఉంచండి, పెట్టెలు గదిలోనే వదలండి, మావాళ్ళు చేరవేస్తారు, క్రొత్త గది ఒంటిగంటకు సిద్ధమవుతుంది అని. గదితో పాటు తాళపు కార్డు మారుతుంది, మొదటి వారం ఖర్చుల ఖాతా మూసి క్రొత్తది తెరుస్తారు. ఆ ఉదయం మమ్మల్ని ఒక హాలులో కూర్చోబెట్టి, పాస్‌పోర్టులు చూసి, ఒకసారి ఒడ్డుకు దించి మళ్ళీ ఎక్కించారు. ఓడలో ప్రయాణికుల లెక్క ఒకసారి సున్నాకు రావాలట.

మరొక ముఖ్య విషయం. గది మారితే ప్రమాద సమయంలో మనం చేరవలసిన స్థలం కూడా మారవచ్చు. 2012 జనవరిలో ఇటలీ దేశపు జీలియో ద్వీపం వద్ద కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒరిగిపోయి 32 మంది మరణించారు. ఆ ఘటనలో, క్రొత్తగా ఎక్కిన అనేకులకు ఇంకా రక్షణ శిక్షణ జరగనేలేదు. తర్వాత అంతర్జాతీయ నియమాన్ని సవరించి, ఓడ కదలక ముందు గాని, కదిలిన వెంటనే గాని ఆ శిక్షణ జరగాలన్నారు. 2015 నుండి అది అమలులో ఉంది. "పోయిన వారమే చూశాం కదా" అని నావంటివారు తప్పించుకోజూస్తారు. తప్పించుకోరాదు. పాత గది నుండి నేర్చుకొన్న దారి క్రొత్త గదికి పనికిరాదు.

ఇక మా కథ. బడిలో పిల్లల చేత సంచులు సర్దించిన అలవాటు కదా, ముందురాత్రే అన్నీ నేనే సర్దాను. పుస్తకాలు, చెప్పులు, ఆవిడ పూజకు తెచ్చుకొన్న చిన్న పటం, చేతిసంచిలో పాస్‌పోర్టులు, మాత్రలు. ఒక్కటి మరచాను. మా ఆవిడకు మధుమేహం. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకోవాలి. ఆ కలాలు గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉండిపోయాయి.

పన్నెండున్నరకు భోజనశాలలో కూర్చొన్న తర్వాత ఆవిడ సంచి వెదికి నా ముఖం చూసింది. నాకు చెమటలు పట్టాయి. పాత గదికి పరుగెత్తాను. నా కార్డుతో తలుపు తెరుచుకోలేదు, ఆ గది ఇక మాది కాదు. తలుపు లోపల ఎవరో దుమ్ము యంత్రం నడుపుతున్నారు. తట్టితే తెరచినది క్రొత్త మనిషి. ఫ్రిజ్ ఖాళీ. క్రొత్త గదికి వెళ్తే ఇంకా సిద్ధం కాలేదన్నారు. ఆఫీసు బల్ల వద్ద క్రొత్తగా ఎక్కినవారి వరుస. ఆవిడ భోజనం ముట్టకుండా, ఏమీ అనకుండా, ఒక కుర్చీలో కూర్చొని ఉంది. ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ మరువలేదు.

ఒంటిగంటన్నరకు మా పాత గదిని చూసుకొన్న కుర్రవాడు మమ్మల్ని వెదుక్కొంటూ వచ్చాడు. చేతిలో మంచుముక్కలు వేసిన గాజు గ్లాసు, అందులో గుడ్డలో చుట్టిన ఇన్సులిన్ కలాలు. పొద్దున్న ఫ్రిజ్ తుడుస్తూ చూశాడట. వాడి వాటా గదులు ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. అయినా రెండంతస్తులు దిగి వచ్చాడు. "అమ్మగారికి ముందు భోజనం" అన్న అర్థం వచ్చేలా తన ఇంగ్లీషులో చెప్పి పరుగెత్తాడు. వాడిది ఇండొనేషియా. ఎనిమిది నెలల ఒప్పందం. క్రింది అంతస్తులో మరొకరితో కలిసి ఒక చిన్న గదిలో పడుకొంటాడని తర్వాత చెప్పాడు. ఓడ పనివారికి రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని 2006 నాటి నావికుల ఒడంబడిక చెబుతున్నది. మిగిలిన గంటలు లెక్కవేసుకొంటే వాడి శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

కనుక నా మొదటి అభిప్రాయం ఇది. తల్లిదండ్రులను ఇటువంటి జంట యాత్రకు పంపదలచిన పిల్లలు రెండు టిక్కెట్లూ ఒకేసారి, ఒకే గది అంకెతో తీయాలి. సముద్రం కనబడే కిటికీ లేకపోయినా ఫరవాలేదు, కొంత ధర ఎక్కువైనా ఫరవాలేదు. వృద్ధులకు ఈ యాత్రలోని సుఖమంతా పెట్టె ఒక్కసారే విప్పడంలో ఉంది. అర్ధరాత్రి దీపం వేయకుండా స్నానపు గది తలుపు దొరకడంలో ఉంది. గది మారితే ఆ సుఖం పోతుంది. మార్పు తప్పకపోతే మందులు, కళ్ళద్దాలు, పాస్‌పోర్టు చేతిసంచిలో ఉండాలి, ఫ్రిజ్, సొరుగులు, దిండు క్రింద రెండుసార్లు చూడాలి. పాత గది పనివానికీ, క్రొత్త గది పనివానికీ ఇద్దరికీ బహుమానం ఇవ్వాలి. మన పెట్టెలు మోసినది వారే.

"గది మారితే కొంపలు మునిగాయా? కాశీయాత్ర చేసినవారు రోజుకొక మజిలీ చేయలేదా?" అని నాతోటి పంతులొకరు అన్నారు. నిజమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరారు. పదిహేను నెలలకు పైగా ఊరూరా మజిలీలే. అంతకంటె కష్టమైన ప్రయాణాలూ ఉన్నాయి. మన విశాఖ, కాకినాడ, కళింగపట్నం రేవుల నుండి వేలమంది కూలీలు స్టీమర్ల డెక్కు మీద పడుకొని రంగూనుకు వెళ్ళారు. ఉత్తరాంధ్రలో పెద్దలు దానిని "రంగం పోవడం" అనేవారు. వారికి గదే లేదు, ఇక గది మార్పు ఎక్కడిది? మరొక కొసన, 2024 ఏప్రిల్‌లో విశాఖ క్రొత్త క్రూయిజు టెర్మినల్‌కు వచ్చిన "ది వరల్డ్" అనే ఓడ ఉంది. అందులో 165 నివాసాలు ఉన్నాయి, అక్కడ ఉండేవారు వాటిని కొనుక్కొన్నవారే. ఎన్ని రేవులు మారినా వారి గది మారదు. మన విశాఖ నుండి 2022 జూన్‌లో పుదుచ్చేరి, చెన్నైలకు ఎంప్రెస్ ఓడ ఎక్కిన మధ్యతరగతివారూ, మేమూ ఈ రెండు కొసల మధ్యవాళ్ళం.

అయితే ఆ పంతులుగారికి నా సమాధానం ఒకటే. వీరాస్వామయ్యగారు తన మజిలీలు తానే నిర్ణయించుకొన్నారు. పరివ్రాజకుడు ఒకచోట నిలువరాదన్నది అతడు తనకు తాను స్వీకరించిన నియమం. తాను మారడం వేరు, తనను మార్చడం వేరు.

ఇక్కడే నా మనసులోని అసలు మాట. మా వీధిలో ఒక ముసలమ్మ ఉన్నారు. భర్త పోయారు, ఇద్దరు కొడుకులు. ఆరు నెలలు పెద్దకొడుకు దగ్గర, ఆరు నెలలు చిన్నకొడుకు దగ్గర అని పెద్దమనుషులు వంతులు వేశారు. వంతు పూర్తయ్యే నాటికి చీరల మూట, స్టీలు డబ్బా, మందుల సంచి గుమ్మంలో ఉంటాయి. రెండవ కొడుకు ఆటో పంపిస్తాడు. ఒకసారి ఆటో ఆలస్యమైంది. ఈ ఇంటి పక్క అప్పటికే మడిచారు, ఆ ఇంటి నుండి ఇంకా ఎవరూ రాలేదు. ఆమె సాయంత్రం వరకు అరుగు మీద కూర్చొన్నారు. నేను అటు వెళ్తూ "ఏమమ్మా, ఇక్కడ కూర్చొన్నారు?" అన్నాను. "వంతు మారింది బాబూ" అన్నారు. అప్పుడు ఆ మాట చెవిని పెట్టలేదు. ఓడలో మా ఆవిడ కుర్చీలో కూర్చొని ఉన్నప్పుడు వినబడింది.

పోల్చి చూడండి. ఓడవారు మాకు రెండు రోజుల ముందు కాగితం ఇచ్చారు. ఏ గదో, ఎన్ని గంటలకో చెప్పారు. సామాను వారే మోశారు. మరచినది వెదికి తెచ్చి ఇచ్చారు. మేము వారికి డబ్బు చెల్లించిన అపరిచితులం. కన్నతల్లికి ఈపాటి మర్యాద జరుగుతున్న ఇళ్ళు ఎన్ని? 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. నెలకు 10,000 రూపాయలకు మించకుండా మనోవర్తి ఇప్పించవచ్చు. మంచిదే. కానీ ఫలానా మంచం, ఫలానా కిటికీ ఈమెది, కదిలించవద్దు అని ఏ చట్టం చెప్పగలదు?

అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటి ఉన్నదని అబ్బాయి చెప్పాడు. విదేశీ ఓడలు అక్కడి ఒక రేవులో ఎక్కించుకొన్నవారిని, దూరదేశపు రేవును తాకకుండా, అక్కడిదే మరో రేవులో దించరాదట. ఒకే ఓడలో వెంటవెంటనే చేసే రెండు యాత్రలను ఆ చట్టం ఒకే ప్రయాణంగా లెక్కిస్తుందట. టిక్కెట్లు రెండైనా, గదులు రెండైనా ప్రయాణం ఒక్కటే. ఈ లెక్క నాకు నచ్చింది. కొడుకులు ఇద్దరైనా, వంతులు రెండైనా తల్లి జీవితం ఒక్కటే గదా.

వంతులు పూర్తిగా తప్పని నేను అనను. ఒక్కరి మీదే భారం పడటం న్యాయం కాదు. పట్నపు ఇరుకు ఇళ్ళు, ఉద్యోగాలు, కోడళ్ళ కష్టాలు నాకు తెలియనివి కావు. నేను కోరేది స్వల్పం. ఎప్పుడు మారాలో ముందుగా ఆమెనే అడగండి. రెండు ఇళ్ళలోనూ ఆమెకంటూ ఒక మూల ఉంచండి, ఆమె లేని నెలలలో అది సామాన్ల గది కాకూడదు. ఆటో పంపడం కాదు, కొడుకే వెళ్ళి తీసుకొనిరావాలి. మూట మోయాలి. మందులు లెక్కచూడాలి.

ఆ రోజు రెండు గంటలకు మాకు క్రొత్త గది తెరచారు. మా ఆవిడ ముందుగా పెట్టెలోని పటం తీసి, పాత గదిలో పెట్టినట్లే అద్దం ప్రక్కన పెట్టింది. తర్వాత ఫ్రిజ్ తెరచి ఇన్సులిన్ పెట్టి, తలుపు మీద ఒక కాగితం అంటించి "దీనిని మరవకండి" అని తెలుగులో వ్రాసింది. "ఏమండీ, మనం ఊరు వెళ్ళాక ఆ అరుగు మీదావిడను ఒకసారి భోజనానికి పిలుద్దాం" అంది. నేను ఆమె సంగతి ఎత్తనేలేదు.

పిలిచాం. వచ్చారు. అప్పుడామె చిన్నకొడుకు వంతులో ఉన్నారు.

మీ ఇళ్ళలో ఈ వంతుల పద్ధతి ఎలా ఉన్నదో, దానిని మంచిగా జరుపుకొన్నవారు ఎలా జరుపుకొన్నారో వ్యాఖ్యలలో వ్రాయగలరు. నా అభిప్రాయంతో విభేదించేవారికి కూడా స్వాగతం.