ప్రార్థన సరే, పత్రం ఏది?

యువతీ యువకుల నడవడి గురించి కోనసీమ సంఘాల్లో బోధకు కొరత లేదు. సెల్‌ఫోన్లు, ప్రేమలు, పెళ్లికి ముందే కలిసి తిరగడం, ఒకరు కువైట్‌లో, ఒకరు ఊళ్లో ఏళ్ల తరబడి వేరుగా బతికే దంపతులు... అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎక్కడైనా పాస్టర్లు వీటి గురించి హెచ్చరిస్తూనే ఉన్నారు. దేవుడు జతపరచిన బంధాన్ని మనుషులు విడదీయరాదని చెప్పని వారు లేరు. ఆ బంధం కోర్టులో నిలుస్తుందా అని అడిగేవారే కనబడరు. కుటుంబ కేసుల కాగితాలు చదివే నాకు దిగులంతా అక్కడే.

ఆ కాగితాల్లో తరచూ కనిపించే పెళ్లి సర్టిఫికెట్ ఎలా ఉంటుందంటే, పైన రెండు పావురాలు, మధ్యలో ఒక వాక్యం, కింద సంఘం రబ్బరు స్టాంపు, పాస్టరు గారి సంతకం. లైసెన్సు నంబరు ఉండదు. సాక్షుల గడులు ఒక్కోసారి ఖాళీ.

1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఎవరు పడితే వారు చేయడానికి లేదు. బిషప్పుల వ్యవస్థ ఉన్న సంఘాల్లో అభిషేకం పొందిన గురువులు చేయవచ్చు. మిగతావారికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, లేదా వివాహ రిజిస్ట్రారు చేయాలి. చట్టం చెప్పినట్టు జరగని పెళ్లి చెల్లదని సెక్షన్ 4 అంటోంది. అధికారం లేకుండా చేసినవారికి పదేళ్ల దాకా జైలు పడవచ్చని సెక్షన్ 68 చెబుతోంది.

ఈ చిక్కు మన డెల్టాలో ఎక్కువ. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా నాటిన బ్రదరెన్ సహవాసాల్లో అభిషిక్త గురువులనే పద్ధతే లేదు. తర్వాత పుట్టిన స్వతంత్ర సంఘాలూ చాలావరకు అంతే. అది వారి విశ్వాసం, తప్పు పట్టేదేమీ లేదు. కాకపోతే లైసెన్సు అవసరం వీరికే ఎక్కువ.

రెండో చిక్కు కులానిది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వదు. మతం మారినా కులవివక్ష వదలదు, రక్షణ మాత్రం పోతుంది. ఆ భయంతో చర్చిలో పెళ్లి చేసుకుని, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకునేవారున్నారు. ఆ కాగితం ఎంత బలహీనమో రెండు తీర్పులు చూస్తే తెలుస్తుంది. విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసులో వరుడు క్రైస్తవుడు, వధువు హిందువు. గుళ్లో తాళి కట్టి, రిజిస్టరు చేయించినా హిందూ చట్టం కింద ఆ పెళ్లి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ పద్ధతిలో వివాహ క్రతువు జరగకపోతే ఒట్టి రిజిస్ట్రేషన్‌తో పెళ్లి అయినట్టు కాదని 2024లో మళ్లీ చెప్పింది.

నష్టం ఎవరికి? భరణం కేసుల్లో, గృహహింస కేసుల్లో కోర్టులు కొంత ఉదారంగా చూస్తాయి. కానీ భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని క్రిమినల్ కేసు పెడితే మొదటి పెళ్లి చట్టబద్ధంగా జరిగిందని గట్టిగా రుజువు చేయాలి. ఫ్యామిలీ పెన్షనుకు, ఆస్తి వాటాకు కాగితమే ఆధారం. వదిలించుకోవాలనుకునే మగవాడికి ఆ లోపమే ఆయుధం. సంఘ పెద్దలు కూర్చుని రాయించే విడిపోయిన కాగితానిదీ అదే కథ. చర్చి ఇచ్చే విడాకులకు చట్టంలో విలువ లేదని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెద్దల కాగితం నమ్మి మళ్లీ పెళ్లాడిన వ్యక్తి, మొదటి పెళ్లి చెల్లేదే అయితే, నేరంలో ఇరుక్కున్నట్టే.

దారులు లేకపోలేదు. ప్రధానం నాడే పాస్టరు గారిని లైసెన్సు చూపమని అడగాలి. అది అగౌరవం కాదు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్టరు నకలు తీసుకోవాలి. ఇప్పటికే పెళ్లయినవారు 1954 ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 15 కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. అక్కడ ఏ మతమన్నది అడ్డు కాదు. ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలి, 30 రోజుల నోటీసు ఉంటుంది. మేనరికమైతే ఆ దారిలోనూ చిక్కుంది కనుక ముందే వకీలును కలవాలి.

పెళ్లికి ముందు పవిత్రంగా ఉండమని పిల్లలకు చెప్పే సంఘం, పెళ్లి తర్వాత ఆ అమ్మాయి భార్యేనని కోర్టులో నిరూపించగలిగే కాగితం కూడా ఇవ్వాలి. అది ఇవ్వలేనివారు, లైసెన్సు ఉన్నవారిని పిలిపించి పెళ్లి చేయించడమే న్యాయం.