తెలిసీ చేస్తే అది ఏమరుపాటా?

2006 నవంబర్ 12, తెల్లవారుజాము నాలుగు కావొస్తోంది. ముంబై బాంద్రాలో కార్టర్ రోడ్డు పక్క ఫుట్‌పాత్ మీద కూలీలు నిద్రపోతున్నారు. వాళ్ల మీదికి కారు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు, ఎనిమిది మంది గాయపడ్డారు. నడిపిన యువకుడి రక్తంలో నూరు మిల్లీలీటర్లకు 112 మిల్లీగ్రాముల ఆల్కహాల్ తేలింది. చట్టం ఒప్పుకునేది 30.

అతనికి ఆ కూలీల మీద పగ లేదు. కాబట్టి హత్య కాదు. అలాగని ఏమరుపాటూ కాదు. నిద్ర ఆపుకోలేక రెప్పపాటు కన్ను మూసిన లారీ డ్రైవర్‌నీ, పీకలదాకా తాగి తాళాలు అందుకున్నవాణ్నీ ఒకే సెక్షన్ కింద నిలబెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఈ రెండోవాడి కోసమే చట్టంలో వేరే మెట్టు ఉంది: చంపాలని అనుకోకపోయినా, ప్రాణం పోవచ్చని తెలిసీ చేయడం. పాత ఐపీసీలో 304 రెండో భాగం, ఇప్పటి న్యాయ సంహితలో 105. దీనికి పదేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యానికి పాత 304-ఏ కింద రెండేళ్లే ఉండేది, 2024 జులై నుంచి అయిదేళ్లు.

కార్టర్ రోడ్డు కేసులో కింది కోర్టు నిర్లక్ష్యమేనని ఆరు నెలలు వేసింది. హైకోర్టు పై మెట్టెక్కించి మూడేళ్లు చేసింది. 2012లో సుప్రీంకోర్టు, ఇదీ తక్కువేగానీ పెంచమని ప్రభుత్వమే అడగలేదు కదా అంది.

నిందితుడి మనసులో ఏముందో ఎవరు చూశారని వకీళ్లు వాదిస్తారు. చేసిన పనే చెబుతుంది. గుంటూరు జిల్లా ముఠా తగాదా కేసొకటి ఉంది. బరువైన కర్రలతో ఒక మనిషి కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు, మర్నాటికి అతను చనిపోయాడు. ఆయువుపట్టు మీద కొట్టలేదు కాబట్టి హత్య కాదంది హైకోర్టు. ఆ దెబ్బలు కావాలనే కొట్టారు, మామూలుగా అవి ప్రాణం తీయడానికి చాలు, కాబట్టి హత్యేనని 1976లో సుప్రీంకోర్టు తేల్చింది. తాగి నడిపిన కేసుల్లోనూ అంతే. రక్తం శాంపిల్, బార్ బిల్లు, వద్దురా అని వారించిన స్నేహితుడి వాంగ్మూలం పోలీసులు మొదటి రోజే సేకరిస్తే, అతనికి ఏం తెలుసో వాటిలోనే దొరుకుతుంది.

భోపాల్ గ్యాస్ లీకు కేసులో ఈ మెట్టు దిగడమే జరిగింది. ప్లాంటు భద్రతలో లోపాలున్నాయని 1982లోనే కంపెనీ సొంత నిపుణులు రాశారు. అయినా, గ్యాస్ లీకైన ఆ రాత్రి ప్లాంటు నడిపితే మనుషులు చస్తారని నిందితులకు తెలుసనడానికి ఆధారం లేదంటూ 1996లో సుప్రీంకోర్టు 304-ఏకి తగ్గించింది. వేల మంది చనిపోయిన కేసులో 2010లో పడినవి రెండేళ్లు. అప్పుడు మేలుకున్న సీబీఐ, 1996 తీర్పును సరిదిద్దమని క్యూరేటివ్ పిటిషన్ వేస్తే, 2011లో కోర్టు కొట్టేస్తూ ఒక మాట చెప్పింది: విచారణలో సాక్ష్యం దొరికి ఉంటే పెద్ద అభియోగం పెట్టడానికి 1996 తీర్పు అడ్డే కాదని. ఆ పద్నాలుగేళ్లూ అలా పెట్టించుకోవాల్సింది ప్రాసిక్యూషనే.