తొమ్మిది వందల మిల్లీమీటర్లు

మొన్న వానాకాలంలో మా ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు పార్కింగ్ గొడవతో మొదలైంది. మూడో అంతస్తు కుర్రాడు కొత్తగా డిఫెండర్ కొన్నాడు. ల్యాండ్ రోవర్ వాళ్ల 110 మోడల్. వెనక తగిలించిన స్టెప్నీతో కలిపి ఐదు మీటర్ల పైచిలుకు పొడవు, అద్దాలు ముడిచినా రెండు మీటర్ల వెడల్పు. బిల్డరు మాకు గీసిచ్చిన గళ్లేమో ఆల్టోల కాలం నాటివి. బండి ముక్కు దారిలోకి పొడుచుకొస్తోంది, పక్కగడి వాళ్లకి తలుపు తీసి దిగే చోటు లేదు. కుర్రాడు మంచివాడే, గొడవపడే రకం కాదు. నవ్వుతూ అన్నాడు: "ఏం చెయ్యను అంకుల్, మన రోడ్లకి ఇలాంటి బండే కావాలి కదా!"

గదిలో ఉన్నవాళ్లంతా తల ఊపారు. పార్కింగ్ సంగతి అక్కడితో తేలిపోయింది.

ఆ తల ఊపడంతోనే నాకు పేచీ. కొన్నవాడితో కాదు. జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా, కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఈ మాట వేదవాక్యంలా చెల్లుతోంది. దానికి రెండు తోకలు కూడా ఉన్నాయి. ఒకటి, "పైగా ఇప్పుడది మన టాటాలదే." రెండోది పైకి అనరు గాని కళ్లలో కనిపిస్తుంది: ఎదిగినవాడు ఎక్కే బండి అది. తోకలతోనే మొదలుపెడతాను.

టాటాల కథ మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది. 1999లో ఇండికా కార్ల విభాగాన్ని అమ్ముదామని రతన్ టాటా డెట్రాయిట్ వెళితే ఫోర్డ్ వాళ్లు చిన్నబుచ్చి పంపారు, తొమ్మిదేళ్లకి అదే ఫోర్డ్ దగ్గర జాగ్వార్, ల్యాండ్ రోవర్ కొని పగ తీర్చుకున్నాడు. ఆ రోజు వెంట వెళ్లిన టాటాల మనిషి ఒకాయన 2015లో ఒక సభలో చెప్పిన జ్ఞాపకం ఇది. అవమానం జరిగే ఉండొచ్చు. పగ మాత్రం మన సినిమాల నుంచి వచ్చి చేరింది. ఇంటర్వెల్లో అవమానం, క్లైమాక్స్‌లో కొనుగోలు.

లెక్కలు చూస్తే వేరే కథ ఉంది. 2006లో ఫోర్డ్ 1,270 కోట్ల డాలర్ల నష్టం చూసింది. అప్పు కోసం తన నీలిరంగు ముద్రతో సహా దాదాపు అన్ని ఆస్తులూ తాకట్టు పెట్టింది. ఇల్లు గడవనప్పుడు నగలు అమ్ముకున్నట్టు బ్రాండ్లు అమ్ముకుంది. కొనడానికి వచ్చినవాళ్లలో మన మహీంద్రా కూడా ఉన్నారు, ఆ సంగతి పగ కథలో రాదు. 2008 మార్చి 26న ఒప్పందం, జూన్ 2న అప్పగింత. రెండు కంపెనీలూ కలిపి 230 కోట్ల డాలర్లు. అందులో ఒక్క ల్యాండ్ రోవర్‌కే 2000లో ఫోర్డ్ పెట్టింది 270 కోట్లు. పైగా పింఛను నిధికి ఇంకో 60 కోట్లు ఫోర్డే ఎదురిచ్చింది.

కొన్న మూడు నెలలకే ప్రపంచం మాంద్యంలో పడింది. 2008-09లో టాటా మోటార్స్ మొత్తం లెక్కలో 2,505 కోట్ల రూపాయల నష్టం. తర్వాత మంచి ఏళ్లూ వచ్చాయి. రేంజ్ రోవర్లు చైనాలో విరగబడి అమ్ముడుపోయాయి. మళ్లీ 2018 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మూడే నెలల్లో దాదాపు 27 వేల కోట్ల నష్టం, అంతవరకు మన దేశపు కంపెనీ ఏదీ ఒక్క త్రైమాసికంలో చూడనంత. 2025 సెప్టెంబరులో సైబర్ దాడి జరిగి ఐదు వారాలు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సర్వర్ పడిపోతే ఏమవుతుందో సైబరాబాద్ వాళ్లకి నేను చెప్పేదేముంది. ఇంత బరువు తలకెత్తుకున్నవాడు పగ తీర్చుకున్నాడని నేననను. వ్యాపారం చేశాడంటాను, ధైర్యంగా చేశాడంటాను.

అయినా ఈ బండికి మొగుళ్లు మారడం కొత్త కాదు. దీన్ని తయారుచేసిన రోవర్ కంపెనీ 1967లో లేలాండ్ చేతికి, మరుసటి ఏడు బ్రిటిష్ లేలాండ్‌లోకి, 1975లో బ్రిటిష్ ప్రభుత్వం కిందికి, 1988లో విమానాలు చేసే బ్రిటిష్ ఏరోస్పేస్ కిందికి, 1994లో బీఎండబ్ల్యూకి, 2000లో ల్యాండ్ రోవర్ ఒక్కటే ఫోర్డ్‌కి, చివరికి టాటాలకి. యజమానులు మారుతున్నంతకాలం పని చేసింది సోలిహల్ ఫ్యాక్టరీ కార్మికులు. మా కుర్రాడి డిఫెండరైతే అక్కడా కాదు, స్లొవేకియాలోని నీత్రాలో తయారై ఓడెక్కి వచ్చింది. టాటాల మీద అంత మమకారమే ఉంటే, నెక్సాన్ కూడా వాళ్లదే. మా గడిలో బాగానే పడుతుంది కూడా.

ఇక రెండో తోక, హోదా. ఇక్కడ కొంచెం నిలబడాలి, ఎందుకంటే నాకీ బండి మీద నిజంగా గౌరవం ఉంది. అది పుట్టిన తీరు అలాంటిది.

1947. యుద్ధం అయిపోయిన ఇంగ్లండు. ఉక్కుకి రేషను, ఎగుమతి చేసేవాళ్లకే కోటా. రోవర్ కంపెనీ ఇంజినీర్ల పెద్ద మారిస్ విల్క్స్‌కి వేల్స్ పక్కన యాంగిల్‌సీ దీవిలో పొలం ఉండేది. అక్కడ పనికి యుద్ధంలో మిగిలిన విల్లీస్ జీపు వాడేవాడు. అది అరిగిపోతే దాని బదులు ఏం కొనాలో తోచక, మనమే చేద్దామనుకున్నాడు. సముద్రపు ఒడ్డున ఇసుకలో బొమ్మ గీసి అన్న స్పెన్సర్‌కి చూపించాడంటారు. ఉక్కు దొరకదు గనక ఒళ్లంతా అల్యూమినియం మిశ్రమం. విమానాల లోపలికి వేసే ఆకుపచ్చ రంగు మిలిటరీ దగ్గర మిగిలిపోయి చవగ్గా దొరికింది గనక అదే రంగు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో పెట్టారు, ధర 450 పౌన్లు. ఇంజిను శక్తిని బయటికి తీసి రంపం, నూర్పిడి యంత్రం తిప్పుకునే ఏర్పాటు దాని ప్రత్యేకత. మన వైపు ట్రాక్టరుకి ఉండే పీటీవో ఉందే, అదే. రెండు మూడేళ్లు ఫ్యాక్టరీ ఖాళీగా లేకుండా ఉంటే చాలనుకుని చేసిన బండి, ఆ కంపెనీ కార్లనే మించిపోయింది.

లేమిలో పుట్టిన బిడ్డ. కలిమి వచ్చి దత్తత తీసుకుంది.

1970లో రేంజ్ రోవర్ తెచ్చినప్పుడు కూడా సీట్లకు వినైల్, కింద ప్లాస్టిక్. తివాచీ లేదు. పొలం నుంచి వచ్చి లోపల నీళ్లు కొట్టి కడుక్కోవచ్చు. ధర రెండు వేల పౌన్లకి రెండు తక్కువ. పూణేలో బిగిస్తే ధర తగ్గిందని సంబరపడ్డ రేంజ్ రోవర్ 2024లో 2.36 కోట్ల దగ్గర మొదలైంది. అందులో బురద కాళ్లతో ఎక్కేవాణ్ణి నేనింకా చూడలేదు.

మన దేశంలో ల్యాండ్ రోవర్ తన అసలు పని చేస్తున్న చోటు ఒకటుంది. డార్జిలింగ్ దగ్గర మానేభంజాంగ్ నుంచి సందక్‌ఫూ దాకా, 3,636 మీటర్ల ఎత్తుకి, 1950ల నాటి బండ్లు ఇప్పటికీ మనుషుల్నీ మూటల్నీ మోస్తున్నాయి. అద్దె బండ్లు. మన తెలుగు నేల మీద ఆ పని చేసింది మహీంద్రా జీపు. అదీ అదే విల్లీస్ జీపు సంతతే, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో బొంబాయిలో బిగించడం మొదలైంది. పాడేరు ఘాట్ మీద కమాండర్ జీపులో లోపల పన్నెండుమంది, వెనక నలుగురు, పైన పసుపు బస్తాలు. హోదా గురించి మాట్లాడదలిస్తే ఆ డ్రైవర్ ముందు మాట్లాడాలి. హైదరాబాదులో హోదా లెక్క వేరు. 2024 ఆగస్టులో ఖైరతాబాద్ రవాణా కార్యాలయం వేలంలో టీజీ 09 9999 అన్న నంబరుకే 25,50,002 రూపాయలు పలికింది. నంబరుకి. చివరి ఆ రెండు రూపాయలు ఎందుకోగాని నాకు భలే నచ్చాయి.

హోదా వదిలినా నిలబడే వాదన ఒకటుందంటారు: నమ్మకం, గట్టిదనం. ప్రమాదంలో లోపలివాళ్లను కాపాడడంలో డిఫెండర్‌కి 2020లో యూరో ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలు ఇచ్చింది, ఒప్పుకోవాలి. కానీ కొన్న మూడేళ్లకి ఏ బండ్లు ఎంత ఇబ్బంది పెట్టాయో అమెరికాలో జేడీ పవర్ వాళ్లు ఏటా తీసే పట్టికలో ల్యాండ్ రోవర్ ఏళ్ల తరబడి అడుగునే తచ్చాడింది. ఇంగ్లండులో తాళం చెవి లేకుండానే రేంజ్ రోవర్లు ఎత్తుకుపోయే దొంగలు ఎక్కువై, లండన్‌లో కొందరికి బీమా దొరకడమే గగనమైంది. 2023లో కంపెనీ పాత బండ్ల తాళాల భద్రతకి కోటి పౌన్లు ఖర్చు పెట్టాల్సి వచ్చింది. మా బంధువొకాయన సెకండ్ హ్యాండ్‌లో పెద్ద విదేశీ బండి కొన్నాడు, ఏ కంపెనీదో చెప్పను. క్రెటా ధరకే వచ్చిందని పార్టీ ఇచ్చాడు. ఏడాదిలో ఒక పక్క ఎయిర్ సస్పెన్షన్ దిగబడింది. రిపేరు అంచనా కాగితం చూసి ఆయన కూడా దిగబడ్డాడు. కొనే ధర పాతబడుతుంది గాని విడిభాగాల ధర ఎప్పుడూ కొత్తదే.

ఇప్పుడు అసలు మాట. మన రోడ్లకి.

డిఫెండర్ గురించి అందరూ కంఠతా చెప్పే అంకె 900. సస్పెన్షన్ పైకి లేపితే 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో పోగలదు. అంటే సుమారు మూడడుగులు. వానొస్తే మా దగ్గర అంత నీరు నిలవదని నేను అబద్ధమాడను. ఇది చెరువుల నేల. అంబీర్ చెరువు, తుర్క చెరువు, ఒకటి నిండితే అలుగు పారి ఇంకోదానిలోకి పోయే గొలుసుకట్టు. ఆ దారుల మీద లేఅవుట్లు వేశాం. నీరు పల్లమెరుగు, లేఅవుట్ ప్లాను ఎరగదు. 2016 సెప్టెంబరులో నిజాంపేట బండారి లేఅవుట్ మునిగినప్పుడు బండ్లు మునిగింది రోడ్డు మీద మాత్రమే కాదు, సెల్లార్లలో. అక్కడ నీళ్లు సీలింగుకి తగిలాయి. సెల్లార్‌లో నిలిపిన బండికి 900 అయితేనేం, 300 అయితేనేం? మా కుర్రాడి గడి కూడా సెల్లార్‌లోనే ఉంది.

పోనీ రోడ్డు మీదే అనుకుందాం. బ్రోచర్‌లో 900 అన్నది కింద నేల ఉందని తెలిసినప్పటి మాట. మన వీధిలో మురికినీటి కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉంటే ఆ అంకెకి అర్థం లేదు. అంతకన్నా పెద్ద సంగతి, నీళ్లలో ఆ రెండు టన్నుల పైచిలుకు బండి ధీమాగా దూసుకుపోతే లేచే అల ఎవరి మీదికి పోతుంది? పక్కన యాక్టివాని తోసుకుంటూ నడుస్తున్న అమ్మాయి మీదికి. నేను కళ్లారా చూశాను. బండిలో మనిషి అద్దంలో వెనక్కి కూడా చూడలేదు. చూసినా ఆ ఎత్తు నుంచి కనిపించదు.

2023 సెప్టెంబరు మొదటి వారంలో ఇదే ప్రగతి నగర్‌లో వానలో బయటికొచ్చిన నాలుగేళ్ల పిల్లాడు తెరిచి ఉన్న నాలాలో పడి కొట్టుకుపోయాడు. శవం చెరువులో దొరికింది. ఆ నాలాకి మూత వేయడానికి అయ్యే ఖర్చు నాకు తెలియనక్కర్లేదు. మా గేటెడ్ కమ్యూనిటీల సెల్లార్లలో నిలిచి ఉన్న డబ్బు ముందు అది చిల్లర అని చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు.

"మా డబ్బు, మా బండి, పన్ను కడుతున్నాం" అంటారు. కడుతున్నారు, కాదనను. 2022లో సవరించిన పట్టికలో ఇరవై లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్సే 18 శాతం ఉండేది. కోటి రూపాయల బండికి పద్దెనిమిది లక్షలు రోడ్డు పేరిట కట్టినవాడికి రోడ్డు గురించి గొంతెత్తి అడిగే హక్కు అందరికన్నా ఎక్కువ. అతడి ఫోన్ ఎత్తేవాళ్లున్నారు. అతడు ట్వీట్ చేస్తే జవాబిస్తారు. అతడే అడగడం మానేశాడు, ఎందుకంటే గుంత అతడికి తగలడం లేదు. ఇదివరకు ఇదే మనిషి శాంత్రోలో వెళ్లేటప్పుడు బాచుపల్లి రోడ్డు గురించి రోజూ తిట్టేవాడు, సంఘం తరఫున రెండు అర్జీలు తనే రాశాడు. ఇంట్లో ఇన్వర్టర్ పెట్టుకున్నాక కరెంటు కోత మీద, బోరు వేయించుకున్నాక కుళాయి మీద, కాన్వెంటు దొరికాక సర్కారు బడి మీద మన నోళ్లు ఎలా మూతపడ్డాయో ఇదీ అంతే. రోడ్డు బాగాలేదు గనక ఎత్తు బండి కాదు, ఎత్తు బండి వచ్చింది గనక రోడ్డు బాగుపడదు.

రోడ్డు మీద తిరిగేవాళ్లలో ఎక్కువమందికి ఉన్నవి రెండు చక్రాలో, రెండు కాళ్లో. వాళ్లకి కావాల్సిన రోడ్డే మన రోడ్డు.

మీటింగ్ అయిపోయాక నేను మా వీధి నాలాకి స్లాబు వేయమని కోరే అర్జీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మూడో అంతస్తులో కుర్రాడే తలుపు తీశాడు. కాఫీ ఇచ్చాడు. అర్జీ రెండుసార్లు చదివాడు, పెన్ను తీసుకున్నాడు, ఆగాడు.

"అంకుల్, వాళ్లు వేసే స్లాబు నా బండి బరువు ఆపుతుందంటారా?"

"ఆ మాట కూడా రాయి" అన్నాను. సంతకం పక్కనే రాశాడు: రెండున్నర టన్నులకు తగ్గకుండా.