గేటు దగ్గరే కూర్చుంటోంది!

మా మావయ్యగారికి తెల్లవారుజామున ఐదింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. మఫ్లర్ చుట్టుకోవడం, మేకుకి తగిలించిన గొలుసు తీయడం, పండుని తీసుకుని పాల బూత్ దాకా వెళ్లి రెండు ప్యాకెట్లతో తిరిగి రావడం... ఏడేళ్లుగా ఇదే వరస. పండు అంటే మా పొమెరేనియన్. ఇంట్లో మావయ్యగారో అత్తయ్యగారో ఎప్పుడూ ఉండేవాళ్లు కాబట్టి దానికి ఒంటరితనమంటే ఏమిటో తెలీదు. మధ్యాహ్నం అత్తయ్యగారు సీరియల్ చూస్తుంటే ఆవిడ కాళ్ల దగ్గర నిద్ర. సాయంత్రం మావయ్యగారి పక్కన వరండాలో కాపలా.

పోయిన ఏడాది మా ఆడపడుచు పురిటికని ఇద్దరూ అమెరికా వెళ్లారు. ఆరు నెలలు. సూట్‌కేసులు తూకం వేశాం, ఆవకాయ డబ్బాలకి టేపులు చుట్టాం, మందుల చీటీలు జిరాక్స్ తీయించాం. పండు సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. వేళకి ఇంత తిండి పెడితే సరిపోతుందనుకున్నాం.

మూడో రోజుకే తెలిసొచ్చింది. ఐదింటికి వెళ్లి గేటు దగ్గర కూర్చునేది. ఎండెక్కినా లేచేది కాదు. మేం ఆఫీసులకీ, బాబు స్కూలుకీ వెళ్లి ఇంటికి తాళం పడగానే ఏడుపు. ఆ విషయం పక్కింటి పిన్నిగారు చెబితేగానీ మాకు తెలీదు. ‘‘ఏమీ అనుకోకమ్మాయ్... కుక్క అలా మోరెత్తి ఏడిస్తే ఇంటికి మంచిది కాదంటారు’’ అన్నారావిడ. మావయ్యగారి పాత చెప్పులు పీలికలైపోయాయి. చిన్నప్పుడు కూడా ఇల్లు పాడుచేయని కుక్క హాల్లో సోఫా పక్కన పోసేసింది. గిన్నెలో పెరుగన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. సాయంత్రం ఏడింటికి అలసిపోయి ఇంటికొచ్చి, చెప్పు ముక్కలు దాని ముక్కు ముందు పెట్టి, పేపరు చుట్టి రెండు వేశాను. అది చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, పక్కచూపులు చూసింది. ‘‘చూశారా, తప్పు చేశానని దానికి తెలుసు’’ అన్నాను మా ఆయనతో.

తెలీదట! సరిగ్గా ఈ చూపు మీదే న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. తినొద్దని చెప్పిన తినుబండారాన్ని కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ చూపుకి సంబంధం కనిపించలేదు. యజమాని తిడితే చాలు, ఏ పాపం ఎరగని కుక్కా అదే మొహం పెట్టింది. అంటే పండు ఆ రోజు చూపించింది పశ్చాత్తాపం కాదు, నేనంటే భయం. ఎప్పుడో పదింటికి కొరికిన చెప్పుకీ, రాత్రి ఏడింటికి పడిన దెబ్బకీ అది ముడి ఎలా వేసుకుంటుంది? దానికి అర్థమయ్యేది ఒక్కటే. వీళ్లు వెళ్తే భయం, వస్తే దెబ్బలు.

మా ఆయన ఒకరోజు నెమ్మదిగా ‘‘ఊళ్లో బాబాయి వాళ్ల పొలం దగ్గర వదిలేద్దామా?’’ అన్నారు. బాబు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి వచ్చి వాడడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ‘‘అమ్మా, హచికోలాగా పండు కూడా పదేళ్లు కూర్చుంటుందా?’’

జపాన్ కుక్క హచికో కథ తెలియనివాళ్లు తక్కువ. దాని యజమాని ప్రొఫెసర్ ఉయెనో 1925 మే నెలలో చనిపోతే, 1935 మార్చిలో తాను పోయేదాకా టోక్యోలోని షిబుయా స్టేషన్‌కి వస్తూనే ఉంది. విగ్రహం కూడా పెట్టారు. విశ్వాసానికి మారుపేరని మనం కళ్లు తుడుచుకుంటాం. నాకు మాత్రం ఇప్పుడా కథ తలుచుకుంటే విశ్వాసం కంటే ముందు ఆ కుక్క పడిన కష్టమే గుర్తొస్తోంది. పండుకి వీసా అంటే ఏమిటో, ఆరు నెలలంటే ఎన్ని రోజులో ఎవరు చెప్పగలరు? దానికి తెలిసిన కాలమల్లా మఫ్లర్, గొలుసు, పాల ప్యాకెట్లు. ఆ వరస తెగిపోయింది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి ‘‘బెంగ పెట్టుకుందండీ’’ అన్నాను. ఆయన ముందుగా చిగుళ్లు చూశారు, జ్వరం చూశారు, రక్తం తీశారు. ‘‘బెంగో కాదో తర్వాత చూద్దాం. గోమార్ల జ్వరం వచ్చిన కుక్క కూడా ఇలాగే తిండి మానేసి మూల కూర్చుంటుంది’’ అన్నారు. ఇల్లు పాడుచేయడానికి మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా కారణం కావచ్చట. అదృష్టవశాత్తూ మా పండుకి అవేవీ లేవు. కానీ మీ ఇంట్లో కుక్క ఒక రోజంతా ఏమీ తినకపోతే బెంగేలే అని ఊరుకోకండి. జాలిపడి మన తలనొప్పి మాత్రలూ, నిద్రమాత్రలూ వేసేవాళ్లున్నారు. అవి ప్రాణం మీదికి తెస్తాయి. తిండి తినడం లేదు కదా అని చాక్లెట్లు, ద్రాక్ష, ఉల్లిపాయలున్న సాంబారన్నం లాంటివీ పెట్టకూడదు.

ఇక అసలు వైద్యం మొదలైంది. మొదటగా కుదిరింది పొద్దుటి నడక. ఐదింటికి లేవడం నా వల్ల కాదు. అలాగని ఒక్కసారిగా ఏడింటికి మారిస్తే దానికి దిక్కు తోచదు. మా ఆయన మొదటి మూడు రోజులూ కళ్లు నులుముకుంటూ ఐదింటికే తీసుకెళ్లారు. ఆ తర్వాత మూడు రోజులకోసారి పది నిమిషాలు వెనక్కి జరుపుతూ వచ్చాం. మూడు వారాలు తిరిగేసరికి టైము ఆరైంది, డ్యూటీ నాదైంది. దారి మాత్రం మార్చలేదు, అదే పాల బూత్. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా దాన్ని తీరిగ్గా వాసన చూడనిచ్చేదాన్ని. ఊరి కబుర్లన్నీ దానికి అక్కడే కదా!

రెండోది, మనం బయటికి వెళ్లడం. ఇది చాలా ఓపికతో కూడిన పని. బ్యాగు తీయడం, తాళాల చప్పుడు... వీటికే పండు వణికిపోయేది. అందుకని సెలవు రోజుల్లో తాళాలు గలగలలాడించి మళ్లీ కుర్చీలో కూర్చునేవాళ్లం. చెప్పులేసుకుని వంటింట్లోకి వెళ్లేవాళ్లం. చూసేవాళ్లకి పిచ్చి పట్టిందేమో అనిపించేది. తాళాలకి అది తల తిప్పడం మానేశాక, తలుపు మూసి పది సెకన్లు బయట నిలబడటం. తర్వాత అర నిమిషం, నిమిషం, ఐదు నిమిషాలు. కిటుకేమిటంటే అది ఏడుపు మొదలుపెట్టక ముందే లోపలికి రావాలి. చాలా కుక్కలకి మనం వెళ్లిన మొదటి అరగంటే గండం. పాత ఫోన్‌లో వీడియో పెట్టి వెళ్తే ఎంతసేపు తట్టుకుంటోందో తెలిసిపోతుంది.

మరి ఈ సాధన జరిగేన్నాళ్లూ రోజంతా ఒంటరిగా వదిలితే చేసిందంతా వృథా. అక్కడే చిక్కొచ్చింది. మా ఆయన వారం సెలవు పెట్టారు. పనమ్మాయిని పొద్దున్న కాకుండా పన్నెండింటికి రమ్మన్నాం. మిగిలిన గంటలకి... మొహమాటపడుతూనే పిన్నిగారిని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి ‘‘నేను మడి కట్టుకున్నప్పుడు మాత్రం లోపలికి పంపకు’’ అన్నారు. నెల తిరక్కుండానే మధ్యాహ్నం సీరియల్ టైముకి పండు వాళ్లింట్లో, ఆవిడ కాళ్ల దగ్గర! ‘తోడుగా ఇంకో కుక్కని తెచ్చుకోండి’ అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. అది దిగులుపడుతోంది మనిషి కోసం. ఇంకో కుక్కని తెస్తే ఏడ్చేవి రెండవుతాయేమోనని మా భయం.

మావయ్యగారి తువ్వాలు ఒకటి ఉతక్కుండా పండు పడుకునే గోనెపట్టా మీద వేశాం. ఇది బాబు ఆలోచన. కుక్కకి తెలిసిన మనిషి వాసన చూపిస్తే, ఆ మనిషి దగ్గర లేకపోయినా, మంచిదేదో దొరకబోతోందని ఆశపడేటప్పుడు కదిలే మెదడు భాగమే చురుగ్గా పనిచేయడం అట్లాంటాలోని ఎమోరీ యూనివర్సిటీవాళ్లు స్కానింగ్‌లో చూశారు. 2015లో అచ్చైన ఆ పరిశోధనలో పాల్గొన్నవి 12 కుక్కలే అనుకోండి. మా పదమూడోది మాత్రం తువ్వాల్లో ముక్కు దూర్చి పడుకుంది. వీడియో కాల్ మాత్రం బెడిసికొట్టింది. స్పీకర్‌లో ‘‘పండూ’’ అన్న గొంతు వినగానే ఇల్లంతా వెతికి, మళ్లీ గేటు దగ్గరికి పరుగెత్తింది. ఆ తర్వాత అది పిన్నిగారింట్లో ఉన్నప్పుడే మావయ్యగారితో మాట్లాడేవాళ్లం.

ఇప్పుడనిపిస్తుంది, ఇదంతా టికెట్లు బుక్ చేసిన రోజే మొదలుపెట్టాల్సిందని. ప్రయాణానికి మూడు వారాల ముందు నుంచే గిన్నె నేను పెట్టి, గొలుసు మా ఆయన పట్టుకుని ఉంటే దానికింత కష్టం ఉండేది కాదు. పిల్లల్ని హాస్టల్‌కి పంపేవాళ్లైనా, ఇండిపెండెంట్ ఇంటి నుంచి ఫ్లాట్‌కి మారేవాళ్లైనా ఒకేసారి అన్నీ మార్చకండి. ఇల్లు మారినా గిన్నె పాతదే ఉండనివ్వండి. పాత పట్టాని చిరిగిందని పారేయకండి.

రెండు నెలలకి పండు గేటు దగ్గర కూర్చోవడం మానేసింది. తిండి మాత్రం కాస్త తగ్గే ఉండేది, నిజం చెప్పొద్దూ.

ఆరు నెలలకి ఓ అర్ధరాత్రి కారు ఆగింది. మావయ్యగారు దిగారు. పండు ముందు సూట్‌కేసు వాసన చూసింది, మొరిగింది, తర్వాత ఆయన చేతిని పట్టి పట్టి వాసన చూసింది. ఇక చూడండి, ఆయన్ని గుమ్మం దాటనివ్వలేదు. అత్తయ్యగారు చీర కొంగుతో కళ్లొత్తుకున్నారు.

మర్నాడు ఐదింటికే చప్పుడైతే లేచి చూశాను. మావయ్యగారు మఫ్లర్ చుట్టుకుని గొలుసు కోసం వెతుకుతున్నారు. ‘‘ఆరు దాకా ఆగండి మావయ్యా, ఇప్పుడు దాని టైము ఆరు’’ అన్నాను. ఆయన నావైపూ పండువైపూ చూసి, ఏమీ అనకుండా వరండాలో కుర్చీ వేసుకున్నారు. పండు వెళ్లి ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆరింటికి ముగ్గురం బయల్దేరాం.